వెన్నులో వైరస్ గడ్డ: బయాప్సీ ముందా, మందులు ముందా, ఆపరేషన్ ముందా?

మా బావకి 2019లో కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ ఇచ్చింది మా అక్కే. 2022 వేసవిలో ఆయనకి వీపు మధ్యలో నొప్పి మొదలైంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమస్తా పని ఆయనది, సీజన్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా వంగి పద్దులు రాస్తూనే ఉంటాడు కాబట్టి అందరం దాని వల్లే అనుకున్నాం. రాత్రి రెండింటికి లేచి గోడకి ఆనుకుని కూర్చునేవాడు, పడుకుంటే ఎక్కువవుతోంది అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం బ్రాడీపేటలో నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయింది. పోయిందని ఆయనకి తెలియలేదు. పది అడుగులు వేశాక వెనకనుంచి అక్క కేక వేసింది. ఎండకి కాగిపోయిన తారురోడ్డు మీద ఒట్టికాలు ఆనించి నడుస్తున్నాడు, ఆ వేడి కాలికి తగలడం లేదు.

ఎంఆర్‌ఐ తీస్తే వెన్నుపూసల లోపల, వెన్నుపామును పక్కకి నొక్కేస్తూ గడ్డ ఉంది. అక్కడినుంచి నాలుగు నెలలు మేము తిరిగిన తిరుగుడులో సగం అనవసరం. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఎవరూ ఒకచోట కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇది చదివి మందు మార్చేయమని చెప్పడం లేదు, డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో, రెండు దారులు చూపించినప్పుడు దేనికి మొగ్గాలో తెలియడానికి మాత్రమే.

చివరికి తేలిన జబ్బు పేరు ఈబీవీ స్మూత్ మజిల్ ట్యూమర్. ఈబీవీ అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్, 1964లో కనిపెట్టారు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఇది ఉంటుంది, చిన్నప్పుడెప్పుడో జ్వరంలా వచ్చి పోయి, తర్వాత జీవితాంతం లోపల నిద్రపోతూ ఉంటుంది. మామూలు మనిషిలో ఇమ్యూనిటీ దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. మార్పిడి తర్వాత వేసుకునే మందుల వల్లో, హెచ్‌ఐవీలో సీడీ4 అనే రక్షక కణాలు బాగా పడిపోవడం వల్లో, పుట్టుకతోనే ఇమ్యూనిటీ లోపం ఉండడం వల్లో ఆ కాపలా సడలినప్పుడు, అరుదుగా ఈ వైరస్ రక్తనాళాలు, పేగుల గోడల్లో ఉండే నునుపు కండర (స్మూత్ మజిల్) కణాల్లో చేరి వాటిని గడ్డలుగా పెంచుతుంది. ఎయిడ్స్ ఉన్న పిల్లల్లోనూ, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలోనూ ఈ గడ్డల్లో వైరస్ ఉందని 1995లో వైద్య పత్రికల్లో వచ్చింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మెదడు, వెన్ను పొరల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది, మార్పిడివాళ్లలో లివర్, ఊపిరితిత్తుల్లో ఎక్కువ. మా బావకి వెన్నులో రావడం అరుదులో అరుదు.

అయితే మీ ఇంట్లో వాళ్లకి వెన్నులో గడ్డ కనిపించినంత మాత్రాన ఇదేనని అనుకోకండి. మన దగ్గర ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి వెన్ను జబ్బు వస్తే టీబీ అయ్యే అవకాశమే ముందు ఉంటుంది. తర్వాత లింఫోమా (తెల్లకణాల క్యాన్సర్), చీముగడ్డ, మామూలు నరాల గడ్డలు. ఇది చివర్లో ఎక్కడో ఉంటుంది. కానీ జాబితాలో ఉండాలి. మాకు ఎవరి జాబితాలోనూ లేదు, అక్కడే సమయం పోయింది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది: కాళ్లకి టైం ఉందా?

ఏ దారి మంచిదనే ప్రశ్న దీని తర్వాతే వస్తుంది. కాళ్లలో బలం రోజురోజుకీ తగ్గుతోందా, మెట్లు ఎక్కలేకపోతున్నారా, మూత్రం ఆగిపోతోందా లేక తెలియకుండా పోతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎంపికలు, పోలికలు పక్కన పెట్టి, ఆ రోజే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి ఎమర్జెన్సీలో తీసుకెళ్లాలి. వెన్నుపాము నలిగిపోతున్నప్పుడు ఆపరేషన్‌కి వెళ్లేనాటికి మనిషి నడుస్తున్నాడా లేదా అన్నదాన్ని బట్టే తర్వాత నడుస్తాడా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది. "సోమవారం ఓపీకి రండి" అంటే వినకండి. ఆ సందర్భంలో ఆపరేషనే బయాప్సీ కూడా, ఒత్తిడి తీసేస్తూ అదే చేత్తో ముక్క పరీక్షకి పంపుతారు.

నొప్పి మాత్రమే ఉండి, కాళ్లు బాగానే ఉంటే మీకు కొన్ని రోజులు ఉన్నట్టు. ఆ రోజుల్ని ఎలా వాడుకుంటారన్నదే మిగతా కథంతా.

ఈలోపు నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, మాత్రలు వాడడం ఉంది చూశారూ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి అది కిడ్నీని తినేస్తుంది. మా బావ వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర మూడు చేయించుకున్నాక మాకు చెప్పాడు. మీ నెఫ్రాలజిస్టుని, అంటే కిడ్నీ డాక్టర్ని అడిగి పారాసెటమాల్ లాంటివో, ఇంకేదైనా ఆయన రాసిందో మాత్రమే వాడండి. ఇంకొకటి, చుట్టాలందరూ "ఇమ్యూనిటీ తగ్గడం వల్ల వచ్చింది కదా, పెంచేద్దాం" అని తిప్పతీగ కషాయాలు, పొడులు తెస్తారు. మార్పిడి చేయించుకున్నవాళ్లకి ఇమ్యూనిటీని కావాలనే తగ్గించి ఉంచారు, దాన్ని అడ్డదిడ్డంగా రేపితే పెట్టిన కిడ్నీ మీదే అది తిరగబడొచ్చు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే బయటికొచ్చాయి. ప్రేమగా తెచ్చారని తాగకండి.

"టీబీ మందులు వాడి చూద్దాం" వర్సెస్ "ముక్క తీద్దాం"

ఎక్కువమంది ముందుకి మొదట వచ్చే ఎంపిక ఇదే. మాకూ ఇదే వచ్చింది. ఒక చోట ఎంఆర్‌ఐ ఫిల్మ్ చూసి, మన ఏరియాలో తొంభై శాతం టీబీనే అంటూ మందులు మొదలుపెట్టేశారు. మాకూ ఆపరేషన్ తప్పిందని లోపల సంతోషంగానే ఉంది. ఆరు వారాలకి రెండు జరిగాయి. గడ్డ తగ్గలేదు. పెట్టిన కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మందు లెవెల్ రక్తంలో పాతాళానికి పడి, 1.2 ఉండే క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, పెరిగితే చెడు) 1.9కి ఎక్కింది. ఎందుకంటే టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ లివర్‌ని ఉసిగొల్పి టాక్రోలిమస్‌ని ఎప్పటికప్పుడు కరిగించేస్తుంది. ఇది కొత్త సంగతి కాదు, తెలిసిందే, కానీ వెన్ను చూసిన డాక్టరూ కిడ్నీ చూసే డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, మధ్యలో చీటీలు మోసిన మాకు ఆ ముక్క తెలియదు.

కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఇమ్యూనిటీ తక్కువ ఉన్న మనిషిలో, కాళ్లకి టైం ఉన్నప్పుడు, ముక్క తీయకుండా ఏ పెద్ద మందూ మొదలుపెట్టించకండి. టీబీ అని తేలితే ప్రభుత్వమే మందులు ఉచితంగా ఇస్తుంది, వెన్ను టీబీకి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వాడాలి. ఏడాది వాడాల్సిన మందుని ఊహ మీద మొదలుపెడతామా? మార్పిడివాళ్లకైతే రిఫాంపిసిన్ బదులు రిఫాబుటిన్ అనే మందు ఉంది, టాక్రోలిమస్‌ని అంతగా కదిలించదు, అది కుదురుతుందా అని అడగొచ్చు. హెచ్‌ఐవీ మందుల్లో డోలుటెగ్రావిర్ వాడుతున్నవాళ్లకి రిఫాంపిసిన్ తోడైతే ఆ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి ఒకటి బదులు రెండు పూటలా వేసుకోవాల్సి వస్తుంది. ఇవన్నీ డాక్టర్లు చూసుకునేవే, కానీ ఇద్దరు డాక్టర్ల మధ్య మనిషి మీరే కాబట్టి గుర్తు చేయడం మీ పని.

ఎంఆర్‌ఐ చూసి కొంత ఊహించొచ్చు. టీబీలో మామూలుగా రెండు పక్కపక్క పూసలు, మధ్యలో డిస్కు కూడా తినేసి ఉంటుంది, పక్కన చీము చేరుతుంది. గడ్డలు సాధారణంగా డిస్కుని వదిలేస్తాయి. ఈబీవీ గడ్డ వెన్నుపొరకి అంటుకునో, నరం బయటికొచ్చే సందులోంచి బయటికి పాకో ఉంటుంది, అచ్చం మెనింజియోమాలా (వెన్నుపొర గడ్డ), ష్వానోమాలా (నరం గడ్డ) కనిపించి మోసం చేస్తుంది. మా రిపోర్టులో అదే రాశారు, నరం గడ్డ అయి ఉండొచ్చని. అంటే ఫిల్మ్ మీద ముద్ర వేసి ఇదీ అని చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడే స్టిరాయిడ్ల గొడవ కూడా ఉంది. వెన్నుపాము వాచిందని డెక్సామెథసోన్ పెట్టేస్తారు. కాళ్లు పడిపోతుంటే అది పెట్టాల్సిందే. కానీ టైం ఉన్నప్పుడు, లింఫోమా అనుమానం ఉన్నప్పుడు, ముక్క తీయకముందే స్టిరాయిడ్ పెడితే లింఫోమా తాత్కాలికంగా కరిగిపోయి బయాప్సీలో ఏమీ దొరక్కుండా పోతుంది. "ముక్క తీశాక స్టిరాయిడ్ పెట్టొచ్చా సార్, ఆగితే కాళ్లకి ప్రమాదమా?" అని ఒక్క మాట అడగండి. మార్పిడివాళ్లు రోజూ వేసుకునే ప్రెడ్నిసొలోన్ వేరు, దాన్ని మాత్రం సొంతంగా ఆపొద్దు.

సూదితో ముక్కా, ఆపరేషన్‌తో ముక్కా

గడ్డ పూస ఎముకలోనో, వెన్ను పక్కనో ఉంటే సీటీ చూస్తూ సూదితో తీయొచ్చు. ఒక పూట పని, ఖర్చు తక్కువ, కానీ దొరికేది దారప్పోగు అంత ముక్క. అందులోనే టీబీ పరీక్షలు, గడ్డ పరీక్షలు, వైరస్ పరీక్ష అన్నీ సరిపోవాలి. గడ్డ వెన్నుపాముని ఆనుకుని ఉంటే సూది ప్రమాదం, ఆపరేషనే మేలు, ఒత్తిడీ తీరుతుంది, ముక్కా పెద్దది దొరుకుతుంది. ఒళ్లంతా చూసినప్పుడు లివర్‌లోనో ఊపిరితిత్తిలోనో ఇంకో గడ్డ ఉంటే, సులభంగా అందేదాన్నుంచి ముక్క తీసుకునే అవకాశం కూడా ఉంది. అందుకే బయాప్సీకి ముందే వెన్ను మొత్తం, వీలైతే మెదడు కూడా ఎంఆర్‌ఐ, ఛాతీ పొట్ట స్కాన్ చేయించడం దండగ కాదు. ఈ జబ్బు ఒక్కోసారి ఒకేసారి నాలుగు చోట్ల లేస్తుంది, అదీ ఒకదాన్నుంచి ఇంకోటి పాకడం వల్ల కాకుండా ఎక్కడికక్కడ వైరస్ విడివిడిగా పుట్టించడం వల్ల. నాలుగు చోట్ల కనిపించగానే "చివరి దశ క్యాన్సర్" అని గుండె జారిపోతుంది, ఈ జబ్బులో ఆ లెక్క వర్తించదు. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లకి ఎంఆర్‌ఐలో కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇచ్చేముందు ఆ నంబరు స్కాన్ సెంటర్‌లో చెప్పాలి, కిడ్నీకి తగ్గ రకం కాంట్రాస్ట్ ఎంచుకుంటారు.

ముక్క తీసే రోజున మీరు చేయాల్సిన పని ఒకటుంది. థియేటర్‌లోకి తీసుకెళ్లకముందే సర్జన్‌ని అడగండి: కొంచెం ఫార్మలిన్‌లో, కొంచెం సెలైన్‌లో పంపుతారా అని. ఫార్మలిన్‌లో వేసిన ముక్క మీద పాథాలజీ చేయొచ్చు గానీ అందులో క్రిములు చచ్చిపోతాయి, ఇక టీబీ కల్చర్ చేయలేరు. సెలైన్ ముక్కతోనే కల్చర్, టీబీ క్రిమిని త్వరగా పట్టే సీబీనాట్ పరీక్ష. ఒకే డబ్బాలో అంతా ఫార్మలిన్ పోసేస్తే మళ్లీ ముక్క తీయడం ఉండదు కదా, వెన్నుని రెండోసారి ఎవరు తెరుస్తారు?

రెండో సంగతి, పాథాలజీకి పంపే చీటీ. మా బావ ఆపరేషన్ విజయవాడలో అయింది, బాగా చేశారు, మూడోరోజుకి కాలి బొటనవేలు ఆడించాడు. కానీ ముక్కతో పాటు వెళ్లిన చీటీ మీద "డీ8 దగ్గర గడ్డ" (డీ8 అంటే వీపు భాగంలో ఎనిమిదో పూస) అని ఉంది తప్ప కిడ్నీ మార్పిడి మనిషి అని లేదు. రిపోర్టు నునుపు కండరం క్యాన్సర్ అన్న అర్థంలో వచ్చింది. అక్క ఆ కాగితం పట్టుకుని సూర్యారావుపేటలో ఆ ల్యాబ్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఫైలు చూసిన ఇంకో పాథాలజిస్టు మేడం, "ఏం మందులు వాడుతున్నారమ్మా ఈయన?" అని మాత్రమే అడిగారు. టాక్రోలిమస్ అనగానే తలెత్తి, ఇందులో వైరస్ ఉందేమో చూడాలి, ఈబర్ పరీక్షకి పంపండి అన్నారు. ఆ ఒక్క ప్రశ్న లేకపోతే ఆయనకి సార్కోమా (కండరాల్లాంటి మెత్తటి భాగాల్లో వచ్చే క్యాన్సర్) కీమో ఎక్కేది.

ఈబర్ అంటే ముక్కలోని కణాల్లో ఈబీవీ గుర్తు ఉందో లేదో చూసే పరీక్ష. నిర్ధారణ దీంతోనే. గడ్డ కణాలు నునుపు కండరానివని చెప్పే రంగు పరీక్షలు ముందు చేస్తారు, ఆ తర్వాత ఈబర్. అదే ఈబీవీకి ఎల్‌ఎంపీ1 అనే ఇంకో పరీక్ష ఉంది, ఈ గడ్డల్లో చాలాసార్లు అది నెగెటివ్ వస్తుంది, దాన్ని చూసి వైరస్ లేదనుకోకూడదు. ఇక రక్తంలో ఈబీవీ యాంటీబాడీ పరీక్ష అని రాస్తే దాని మీద డబ్బు పెట్టకముందు ఎందుకని అడగండి, పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఐజీజీ (ఎప్పుడో సోకిందని చెప్పే యాంటీబాడీ) పాజిటివే వస్తుంది, మీకూ వస్తుంది, నాకూ వస్తుంది. రక్తంలో ఈబీవీ పీసీఆర్ లింఫోమా అనుమానంలో పనికొస్తుంది గానీ, స్మూత్ మజిల్ గడ్డని అవుననీ కాదనీ తేల్చదు.

ఈబర్ ప్రతి ల్యాబ్‌లోనూ ఉండదు. ముక్కని మైనంలో పోతపోసి బ్లాకులు చేస్తారు, అగ్గిపెట్టెలో పట్టేంత తెల్లటి దిమ్మ, పక్కన పెన్సిల్‌తో నంబరు. ఆ బ్లాకులు అడిగితే ఇస్తారు. మేము వేరే రాష్ట్రంలోని పెద్ద ఆసుపత్రికి పంపించాం. మేనెల విజయవాడ ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, మెత్తబడిపోతాయి. దూదిలో చుట్టి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, చేత్తో పట్టుకెళ్లండి. కొరియర్ అయితే అన్ని బ్లాకులూ ఒకేసారి పంపకండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. చీటీ మీద పెద్ద అక్షరాలతో మార్పిడి ఏ సంవత్సరం, ఏ మందులు, లేదా హెచ్‌ఐవీ ఉంటే సీడీ4 ఎంత, ఇవి రాయించండి.

హెచ్‌ఐవీ సంగతి సర్జన్ దగ్గర దాచేవాళ్లు ఉన్నారు, ఎందుకు దాస్తారో నాకు తెలుసు. కానీ ఈ జబ్బులో అది దాస్తే పరీక్షే మారిపోతుంది, మందే మారిపోతుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ కారణంతో వైద్యం నిరాకరించడం, వివక్ష చూపడం కుదరదు, మీ ఒప్పుకోలు లేకుండా ఆ సంగతి బయటపెట్టడమూ కుదరదు. ఇబ్బంది పెడితే 1097 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, లేదా మీ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోటు) కౌన్సిలర్‌తో ఆసుపత్రికి మాట్లాడించండి.

పేరు తేలాక: కోయడమా, మందులు తగ్గించడమా, కరెంటు (రేడియేషన్) పెట్టించడమా

మాకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

ఆపరేషన్‌తో పూర్తిగా తీసేయగలిగితే అది మంచి దారి. కానీ వెన్నుపొరకి అంటుకున్న గడ్డని చివరి పోగు దాకా గీకబోతే నరాలు పోవచ్చు. మా సర్జన్ ముందే చెప్పారు, "నడిచే మనిషిని నడిచేలా ఉంచడం నా మొదటి పని, గడ్డ మొత్తం రావడం రెండోది" అని. ఆ మాట చెప్పే సర్జన్‌ని నమ్మొచ్చు. నూటికి నూరు శాతం తీసేస్తామని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. ఎముక ఎక్కువ తీయాల్సి వస్తే స్క్రూలు, రాడ్లు వేస్తారు, అవి టైటానియం అయ్యేలా చూసుకోండి, ముందుముందు ఎంఆర్‌ఐలు చాలా తీయాల్సి ఉంటుంది, స్టీలు ఉంటే ఆ చోట బొమ్మ ఎక్కువ చెడిపోతుంది.

రెండో దారి, ఇమ్యూనిటీని తగ్గించే మందుల్ని తగ్గించడం. వైరస్‌ని పెరగనిచ్చింది ఆ మందులే కాబట్టి కాపలావాడిని కాస్త మేల్కొలపడం. మార్పిడివాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఫలితాలు, మందులు తగ్గించినవాళ్ల ఫలితాలు దాదాపు దగ్గరగానే ఉన్నాయని ప్రచురించిన కేసుల్లో కనిపిస్తుంది. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ మందు తగ్గిస్తే కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చే ప్రమాదం ఉంది, ఆ కిడ్నీ మా అక్కది. డాక్టర్ ఈ సంగతి చెబుతున్నప్పుడు బావ అక్క వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అక్కే అంది, "నేను కిడ్నీ ఇచ్చింది ఈయన ఉండడానికి, కిడ్నీ ఉండడానికి కాదు" అని. ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. కిడ్నీ పోతే డయాలసిస్ ఉంది, వెన్నుపాము పోతే దానికి బదులు లేదు. ఇది అందరికీ ఒకే జవాబు కాదు, గుండెనో లివర్‌నో మార్చుకున్నవాళ్లకి అవయవం పోతే డయాలసిస్ లాంటి ఊతం ఉండదు, వాళ్లు మందు తగ్గించే విషయంలో ఇంకా చాలా జాగ్రత్తగా వెళ్లాలి.

మూడోది ఈ రెండిటికీ మధ్యలో ఉండే దారి, టాక్రోలిమస్ బదులు సిరోలిమస్‌కి మారడం. సిరోలిమస్ కూడా కిడ్నీని కాపాడే మందే, పైగా ఈ గడ్డలు పెరగడానికి వాడుకునే ఎంటార్ అనే దారిని అది మూసేస్తుంది. మాకు నచ్చింది ఇదే. కానీ దీనికో చిక్కు ఉంది, ఎవరైనా చెప్పేదాకా తెలియదు. సిరోలిమస్ గాయాల్ని త్వరగా మాననివ్వదు. ఆపరేషన్ అయిన వెంటనే మొదలుపెడితే వీపు మీద కుట్లు విడిపోవచ్చు. అందుకే మా నెఫ్రాలజిస్టు ముందు మిగతా మందుల్లో ఒకటి తగ్గించి, కుట్లు పూర్తిగా మానాక, వారాల తర్వాత సిరోలిమస్‌కి మార్చారు. నోట్లో పుళ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం దీనితో వచ్చే తలనొప్పులు. బావకి నోటి పుళ్లు మొదటి రెండు నెలలు వచ్చాయి, మిరపకాయ తగలనివ్వలేదు. గోంగూర పచ్చడి లేకుండా గుంటూరు మనిషి రెండు నెలలు పెరుగన్నం తిన్నాడు. మీరు దీనికి మారితే రక్తంలో మందు లెవెల్, లిపిడ్లు, మూత్రం పరీక్ష ఎప్పుడెప్పుడు చేయాలో రాయించుకోండి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. వాళ్లకి ఇమ్యూనిటీని పెంచే మందే వైద్యం, అంటే ఏఆర్‌టీ. ఇక్కడ పోగొట్టుకునేది ఏమీ లేదు కాబట్టి దీనిలో తర్జనభర్జన అక్కర్లేదు, వాడకపోతుంటే మొదలుపెట్టాలి, మధ్యలో మానేసి ఉంటే ఏఆర్‌టీ సెంటర్‌కి తిరిగి వెళ్లాలి, వాడుతూనే ఉంటే వైరల్ లోడ్ చూసి మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం. టీబీ కూడా ఉందేమో తేల్చుకోకుండా హడావిడిగా మొదలుపెడితే అణిగి ఉన్న జబ్బు ఒక్కసారిగా పైకి లేచే సమస్య ఉంది, అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఏఆర్‌టీ డాక్టర్‌కే వదిలేయండి. ఏఆర్‌టీతో గడ్డ వారాల్లో కరిగిపోతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు, వెన్నుపాము నలుగుతుంటే ఆపరేషన్ ఆపరేషనే. ఆసుపత్రిలో చేరిన రోజుల్లో ఏఆర్‌టీ మాత్రలు ఆపేయకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్ల పని, వార్డులో ఎవరూ గుర్తు చేయరు.

రేడియేషన్ గురించి కూడా అడుగుతారు. లింఫోమా అయితే కరెంటుకి, కీమోకి, స్టిరాయిడ్‌కి బాగా లొంగుతుంది, అక్కడ అవి మొదటి వరుసలో ఉంటాయి. ఈ స్మూత్ మజిల్ గడ్డలు అలా లొంగవు. తీయగా మిగిలిపోయిన ముక్క మళ్లీ పెరుగుతుంటే, రెండోసారి కోయడం కుదరని చోట ఉంటే, అప్పుడు రేడియేషన్ ఒక ఎంపిక. కీమో అయితే దీనికి ఇదీ మందు అని నిలబడిందేమీ లేదు, పైగా ఉన్న ఇమ్యూనిటీనీ తీసేస్తుంది. అందుకే నేను దాన్ని అన్నిటికంటే చివర పెడతాను. పెద్ద ఊరటేమిటంటే, వైరస్ వల్ల వచ్చిన ఈ గడ్డలు చాలామందిలో నెమ్మదిగా పెరుగుతాయి, మామూలు సార్కోమాలా ఉరకవు. చిన్న ముక్క మిగిలి, ఇబ్బంది పెట్టకపోతే, కొన్ని నెలలకోసారి ఎంఆర్‌ఐ తీస్తూ కనిపెట్టుకుని ఉండడం కూడా ఒక వైద్యమే. మెదడులో కూడా ఉన్నవాళ్లకి, సగం సగం తీసినవాళ్లకి కొంచెం గట్టిగా కనిపెట్టాలి.

గుంటూరా, విజయవాడా, మంగళగిరా, ఇంకా దూరమా

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఏ ఆసుపత్రినీ పేరు పెట్టి ఇది మంచిదని చెప్పను. చూడాల్సింది ఒకటే, ఆ మనిషిని రోజూ చూసే డాక్టర్, అంటే నెఫ్రాలజిస్టో ఏఆర్‌టీ డాక్టరో, న్యూరోసర్జన్‌తో అదే రోజు ఫోన్‌లో మాట్లాడగలిగే చోటు ఏది? ప్రభుత్వ వైపు వెళ్లేవాళ్లకి గుంటూరు జీజీహెచ్ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. హెచ్‌ఐవీవాళ్లకి ఏఆర్‌టీ సెంటర్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయితే మందులు, ఫైలు, కౌన్సిలర్ అందరూ ఒకే ఆవరణలో దొరుకుతారు. మార్పిడివాళ్లు మార్పిడి చేసిన ఆసుపత్రి దగ్గరే వెన్ను ఆపరేషన్ కూడా కుదురుతుందా అని ముందు చూడాలి, అది హైదరాబాద్ అయినా సరే, మందుల లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. కాళ్లు లాగేస్తుంటే మాత్రం వారధి దాటి విజయవాడకో, ఇటు మంగళగిరికో, ఏది దగ్గరైతే అది. మనిషిని దగ్గర్లోనే ఆపరేషన్ చేయించి, బ్లాకుల్ని మాత్రం దూరం పంపండి. మేము మొదట దీన్ని తిరగేసి చేయబోయాం, నడవలేని మనిషిని రైల్లో పడుకోబెట్టుకుని వెళ్దామనుకున్నాం.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఆపరేషన్‌కి ముందే అడగండి, వెన్ను ఆపరేషన్లు చాలావరకు ఏదో ఒక ప్యాకేజీలో ఉంటాయి. ఈబర్ లాంటి పరీక్షలకి, సిరోలిమస్‌కి విడిగా చూసుకోవాల్సి రావచ్చు. అందులో రాని ఖర్చుకి ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు, ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) అయితే వైద్యానికి ముందే తీసుకోవాలి, కాబట్టి ఎస్టిమేషన్ లెటర్ మొదటి రోజే అడగండి.

బావ ఇప్పుడు యార్డుకి వెళ్తున్నాడు, ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు, చెప్పుల బదులు వెనక బెల్టు ఉన్న శాండిల్స్ వేసుకుంటాడు. క్రియాటినిన్ 1.5 దగ్గర ఆగింది. చిన్న ముక్క ఇంకా ఉంది, మూడు స్కాన్లలో పెరగలేదు. అక్క ఫైలు మొదటి పేజీ మీద మార్పిడి తేదీ, ప్రస్తుతం వాడే మందులు, వాడకూడని మందులు, బ్లాకు నంబర్లు ఎర్ర పెన్నుతో రాసి పెట్టింది, తిరిగొచ్చిన బ్లాకులు మాత్రం దూదిలో చుట్టి స్టీలు డబ్బాలో, బీరువాలో ఇంటి కాగితాల పక్కన ఉన్నాయి.